అత్త గదికి పూసిన సిమెంటు

కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి. ఆ చాప ఇటు లాక్కోండి, ఫ్యాను గాలి కూడా తగులుతుంది. నేను చెప్పబోయేది ఒక గోడ గురించి. గోడ గురించి చెప్పడానికేముంటుంది అనుకుంటారేమో. ఆ గోడ పక్కనే మా అత్త మంచం ఉండేది. ఆవిడ ఊపిరికీ ఆ గోడకీ ముడిపడిపోయి మేం పడ్డ యాతన ఇది. తొందరపడకుండా వినండి.

నేను కాపురానికి వచ్చిన ఇల్లు విశాఖపట్నం పాత ఊళ్ళో, కొండ మొదట్లో, మెట్లెక్కి వెళ్ళే సందులో ఉండేది. ఆ కొండ తవ్వగా వచ్చిన రాయితోనే కట్టిన ఇల్లు. మా ఆయన తాత కట్టించాడట. గోడల మందం ఎంతంటే, కిటికీలో ఒక మనిషి కాళ్ళు ముడుచుకుని హాయిగా కూర్చోవచ్చు. రాయికీ రాయికీ మధ్య మట్టీ సున్నమూ పెట్టి కట్టారు, పైన సున్నపు గచ్చు పూశారు. ముందు గది, వంట పంచ, వెనక గది, అంతే ఇల్లు. వెనక గది గోడ కొండకే ఆనుకుని ఉండేది. వాన పడితే కొండ మీద నించి దిగిన నీరు కొంత ఆ గోడ వెనక చేరేది. అది ఇంట్లో అందరికీ తెలిసిందే. వానాకాలంలో గోడ కింది భాగం రంగు మారేది, ఎండ కాయగానే మళ్ళీ తెల్లబడేది. దాని గురించి ఎవరూ దిగులు పడింది లేదు.

ఆ గది మా అత్తది. ఆవిడ వయసులో ఉన్నప్పుడు ఉప్పు మడుల్లో పని చేసింది. మోకాలి దాకా ఉప్పు నీళ్ళలో నిలబడి బతికిన మనిషి. నేను వచ్చేసరికే ఆవిడకి కొంచెం ఆయాసం ఉండేది. చలికాలం వస్తే పిల్లికూతలు వినిపించేవి. అయినా చురుకైన మనిషి. కూర్చున్నచోటి నించే ఇల్లంతా నడిపించేది. పెరటి తలుపు ఆ గదిలోనే ఉండటంతో, నీళ్ళకీ బయటికీ ఎవరినీ పిలవనక్కరలేదని ఆ గది ఆవిడకి ఇష్టం.

మేం ప్రభువుని నమ్ముకున్నవాళ్ళం. క్రిస్మస్ ముందు ఇల్లంతా దులిపి వెల్ల వేయడం మా సందులో అందరికీ ఆనవాయితీ. పాటలు పాడుకుంటూ గుడివాళ్ళు ఇంటింటికీ వచ్చేసరికి గోడలు తెల్లగా ఉండాలి. సున్నం కలిపీ కలిపీ నా అరచేతులు పగిలిపోయేవి, కొబ్బరినూనె రాసుకుని పడుకునేదాన్ని. అయితే ఆ పాత గచ్చు ముట్టుకుంటే పొడిపొడిగా రాలేది. వెనక గదిలో దుప్పటి మీదా, మంచినీళ్ళ కుండ మూత మీదా, మా అత్త జుట్టులోనూ సున్నపు రజను పడేది. మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టినప్పుడు వచ్చినవాళ్ళు వెళ్ళేటప్పుడు వీపు దులుపుకుంటూ వెళ్ళేవారు. మా ఆయనకి అది చాలా నామోషీగా ఉండేది.

అవి బయటి హార్బరు కడుతున్న రోజులు. మా ఆయన అక్కడ కాంక్రీటు పనిలో ఉండేవాడు. పెద్ద పెద్ద దిమ్మలు పోయడం, వాటిని సముద్రంలోకి దించడం చూసి చూసి ఆయనకి సిమెంటంటే భక్తి పట్టుకుంది. ఇంటికొచ్చి అన్నం తింటూ కూడా అదే మాట. ఇంతెత్తు కెరటం వచ్చి కొట్టిందనీ, దిమ్మ కదల్లేదనీ, అవతల పక్క నీళ్ళు చెరువులా పడుకున్నాయనీ చెప్పేవాడు. ఆ ఏడు ఎండాకాలంలో ఒకరోజు చెయ్యి కడుక్కుంటూ తేల్చి చెప్పేశాడు.

"సముద్రాన్నే ఆపుతన్నాది సిమెంటు. మన గోడలో సెమ్మ దానికో నెక్కేటి? వెనక గదికి పూసేస్తాను. అమ్మకి ఇక మీద సున్నం రాలదు."

మా అత్త గది లోపలి నించే జవాబిచ్చింది. "మీ అయ్య పోయిన కాడ్నించీ నా నెత్తి నెరిసినాదో, సున్నమే రాలినాదో తెలీకుండా బతికేస్తన్నాను. ఇప్పుడది బయట పెట్టీస్తావేటిరా?"

అందరం నవ్వుకున్నాం. నాకు కూడా సంతోషంగానే ఉంది.

పక్కింటాయన మా ఆయనతో పాటే పని చేసేవాడు. ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. ఇద్దరూ కలిసి ఆదివారం గుడి నించి వచ్చాక మొదలుపెట్టారు. ఇసుక బీచి నించి తెచ్చారు. సముద్రం ఇంటిముందే ఉంటే ఇసుక కోసం ఎక్కడికో ఎందుకని అందరూ అదే తెచ్చుకునేవారు. పాత గచ్చు మీద సుత్తితో గాట్లు పెట్టి, నీళ్ళు కొట్టి, సిమెంటు పూసుకుంటూ పోయారు. ఒక మూల పెద్ద టేకు బీరువా ఉండేది, మా మామగారి నాటిది. దాన్ని కదపడం ఇద్దరి వల్లా కాలేదు. బీరువా వెనక ఎవరు చూస్తారులే అని దాని చుట్టూ పూసి వదిలేశారు.

ఆరిన తరువాత ఆ గోడ నున్నగా, బూడిద రంగులో, అద్దంలా ఉంది. సందులో వాళ్ళంతా వచ్చి చూశారు. చెయ్యి పెట్టి నిమిరారు. చెయ్యికి ఏమీ అంటలేదు. మా ఆయన గుమ్మంలో నిలబడి అందరికీ చెప్పాడు, ఈ గోడ మా మనవల కాలానికి కూడా ఇలాగే ఉంటుందని. పక్కింటివాళ్ళు వెంటనే పూయించుకున్నారు. తరువాత ఎదురింటివాళ్ళు, పై మెట్ల దగ్గరి ఇంటివాళ్ళు. అన్నిటికీ సెలవు రోజుల్లో మా ఆయనే చెయ్యి వేశాడు. అన్నీ కొండ రాతి ఇళ్ళే, అన్నిటికీ బీచి ఇసుకే.

ఆ ఏడు వానలు పడ్డాక గోడకి చెమటలు పట్టడం మొదలైంది.

మొదట నేను నీళ్ళు చిందాయనుకున్నాను. గుడ్డ పెట్టి తుడిచాను. మధ్యాహ్నానికి మళ్ళీ చిన్న చిన్న బొట్లు. పాత గచ్చు తడిస్తే రంగు మారేది గానీ ఇలా బొట్లు కట్టేది కాదు. నెల తిరక్కుండా గదిలో ఒక వాసన పట్టుకుంది, తడి గోనెసంచీ మూట కట్టి పెడితే వచ్చే వాసన. గోడవైపు ఉన్న చాప అంచు నల్లబడి పుచ్చిపోయింది. మా అత్త తలగడ ఎండలో వేసి తెచ్చినా సాయంత్రానికి చల్లగా అయిపోయేది. ఆవిడ దగ్గు పెరిగింది.

మా ఆయన చూసి, పూత పల్చనైందన్నాడు. ఎండ కాసిన రోజులు చూసుకుని రెండో పూత మందంగా వేశాడు. మళ్ళీ వాన పడింది. ఈసారి చెమ్మ పూత లోపలే పైకి పాకి, మంచం కోడు ఎత్తు దాటింది. అక్కడక్కడ సిమెంటు ఉబ్బి, కొడితే డొల్ల మోత వచ్చేది. ఉబ్బిన చోట తెల్లటి ఉప్పు, బూజు గడ్డంలాగా మొలిచింది.

అప్పుడు ఆయన హార్బరు నించి తారు తెచ్చాడు. పడవల అడుగుకి పూసేది. గోడ కింది భాగమంతా మొలెత్తు దాకా నల్లగా పూశాడు. పక్కింటి వదిన ప్రహరీ మీద నించి తొంగి చూసి నాతో అంది, "ఏటి వదినా, మీ ఆయన గదికి పూత పూస్తన్నాడా, ఓడకి రంగేస్తన్నాడా? అత్తనెక్కించుకుని రంగూనెలిపోతారేటి?"

నేను నవ్వాను గానీ నాకు లోపల బాధగానే ఉంది. తారు కంపుకి మా అత్త ఆ వారమంతా ముందు గదిలోనే కూర్చుంది. వానలు తిరిగి పట్టేసరికి చెమ్మ తారు దాటి పైకెక్కింది. ఇప్పుడది మా అత్త తల ఎత్తుకి వచ్చింది. క్రిస్మస్‌కి నేను దాని మీద వెల్ల వేశాను. రెండో రోజుకల్లా సున్నంలోంచి గోధుమ రంగు చారలు దిగాయి. మరో పూత వేశాను. మళ్ళీ దిగాయి. పాటలవాళ్ళు వచ్చి ముందు గదిలో నిలబడి పాడారు. వెనక గది తలుపు దగ్గరికి లాగి ఉంచాను. తలుపు అవతల మా అత్త దగ్గు పాటలో కలిసిపోయి వినిపిస్తూనే ఉంది. వాళ్ళతో వచ్చిన మా గుడి గురువుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తూ ఆవిడ పేరు ఎత్తి మరీ దేవుణ్ణి అడిగారు. మా ఆయన తల దించుకుని నిలబడ్డాడు.

ఆ చలికాలమే ఆవిడకి పడుకోవడం పోయింది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందేది కాదు. మోకాళ్ళ మీద దిండు పెట్టుకుని, దాని మీద తల ఆన్చి, కూర్చునే కునికేది. ఎగ పీల్చినప్పుడల్లా మెడ దగ్గర గుంట పడేది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరు మందు రాస్తూ, ఈవిడ పడుకునే గది ఎలా ఉంటుందని అడిగాడు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చెమ్మ గదిలో ఉంచితే ఎన్ని మందులు వేసినా ప్రయోజనం ఉండదనీ, ఇంకో రెండు వానాకాలాలు ఆ గదిలో గడిపితే తను పూచీ పడలేననీ చెప్పాడు.

మా ఆడపడుచు మల్కాపురంలో ఉండేది. తల్లిని తన దగ్గరికి పంపమని మనిషి చేత కబురు పెట్టింది. అక్కడ రిఫైనరీ పొగ, అద్దె గది, పిల్లలు. అయినా గోడ పొడిగా ఉంటుంది కదా అని నేనే అత్తకి చెప్పి చూశాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"నాను ఎల్లిపోతే ఈ గోడకి ఎవుడు దిక్కు? దగ్గీవోళ్ళు లేకపోతే గోడ బాగున్నట్టే నెక్క."

అప్పుడు నాకు అర్థం కాలేదు. కొడుకు తప్పుని కొడుకు చేతే సరిదిద్దించాలని ఆవిడ పంతమో, లేక పెరటి తలుపు వదిలి వెళ్ళలేని మమకారమో. బహుశా రెండూనేమో.

ఎండలు ముదిరి తరువాతి వానలు రాబోయే ముందు బీరువా కాలు ఒకటి చివికి ఒరిగిపోయింది. లోపలి సామాను తీసేసి, నేనూ మా ఆయనా కలిసి దాన్ని పక్కకి జరిపాం. దాని వెనక గోడ పాతదే, సిమెంటు పడనిది. పసుపు తిరిగిన సున్నపు గచ్చు, ముసలివాళ్ళ అరచేతిలో గీతల్లాగా సన్నటి పగుళ్ళు. నేను చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది. చేతికి పిండిలాంటి రజను అంటింది. జానెడు పక్కన సిమెంటు మీద చెయ్యి పెడితే, ఎండాకాలంలో కూడా, చల్లగా అతుక్కుంది.

మా ఆయన చెయ్యి పట్టుకుని రెండు చోట్లా ఆనించాను. బీరువా అడ్డుగా ఉండబట్టి అక్కడికి చెమ్మ రాలేదన్నాడు. బీరువా ఇటుపక్క ఉంటే చెమ్మ అటుపక్క నించి రాకుండా ఎలా ఆగుతుందని నేనడిగాను.

మా అత్త మంచం మీద నించి చూస్తూనే ఉంది. ఊడిపడ్డ సిమెంటు పెచ్చు ఒకటి తెమ్మంది. దాన్ని నాలుక మీద ఆనించుకుంది. "ఉప్పు," అంది. ఇసుక ఎక్కడిదని అడిగింది. బీచిదని ఆయన చెప్పాడు. ఆవిడ ఊపిరి కూడదీసుకుంటూ, ఆగి ఆగి చెప్పింది. మడిలో ఎండి రాయైన ఉప్పు కూడా మబ్బు పట్టిందంటే చాలు ఏడుస్తుందనీ, ఉప్పు ఉన్నచోటికి తడి తనంతట తనే వస్తుందనీ. నేను వంటింట్లోకి వెళ్ళి మా ఉప్పు జాడీ మూత తీసి చూశాను. రోజూ చూసేదే. అడుగున ముద్ద కట్టి, నీరు ఊరి ఉంది.

అయితే పాత గచ్చు నీటిని ఆపలేదనీ, తాగి మళ్ళీ గాలికి వదిలేసేదనీ నాకు అప్పుడే తట్టింది. మట్టికుండ చెమ్మగిల్లి ఆరినట్టు. సిమెంటు ఆ దారి మూసేసింది. దారి మూస్తే నీరు ఎక్కడికి పోతుంది, పైకి పోయింది. తారు పూస్తే ఇంకా పైకి పోయింది. ఈ మాట ఆయనకి మెల్లిగా చెప్పాను. సిమెంటు తీసేసి మళ్ళీ సున్నమే పూద్దామన్నాను.

ఆయనకి కోపం వచ్చింది. అన్నం ముందు నించి లేచాడు. "నా సేత్తో పూసిన గోడ నానే పగలగొడితే ఆ మూడిళ్ళోళ్ళకీ ఏటి సెప్పాల? ఈదిలో తలెత్తుకోనిస్తారా నన్ను?" అని వెళ్ళిపోయాడు. ఆ తరువాత చాలా రోజులు మా మధ్య అవసరమైన మాటలే. అన్నం పెట్టనా, పెట్టు. వెళ్తున్నావా, వెళ్తున్నాను. మనిషి చెడ్డవాడు కాదు. తల్లి కోసమే పూశాడు, ఆ పూతే తల్లి పీక మీదకి వచ్చింది. ఆ మాట ఒప్పుకోవడం ఎవరికి మాత్రం సులువు?

ఆ ఏడు వానలు దండిగా పడ్డాయి. చలి ముందు తుపాను ముసురు పట్టి రోజుల తరబడి వదల్లేదు. కొండ నించి నీరు ధారగా దిగుతోంది. వెనక గది గోడ పైనించి కింది దాకా మెరుస్తోంది. ఒక ఉదయం అత్తకి ఊపిరి అందలేదు. పెదాలు నీలం తిరిగాయి. కిటికీ కమ్మీలు పట్టుకుని నిలబడి గాలి కోసం నోరు తెరుస్తోంది. మా ఆయన వెనక నించి ఆవిడ రెండు భుజాలూ పట్టుకుని నిలబెట్టాడు. నేను వేడినీళ్ళ ఆవిరి పట్టాను, వీపు రాశాను. చాలాసేపటికి కొంచెం సర్దుకుంది. కొడుకు చెయ్యి తన భుజం మీద అలాగే ఉంది. దాన్ని పట్టుకుని అంది:

"నాయనా, నీ సిమెంటు గట్టిదేరా. నాను గట్టిదాన్ని కాను."

అంతే. కోపంతో అనలేదు. ఎత్తిపొడవలేదు. చిన్నపిల్లాడికి లెక్క చెప్పినట్టు చెప్పింది.

ఆయన ఆ రోజు పనికి వెళ్ళలేదు. అత్తని ముందు గదిలోకి మార్చి, గునపమూ సుత్తీ తీసుకుని వెనక గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. రాతి మీద ఇనుము పడుతున్న మోత సందంతా వినిపించింది. పక్కింటాయన వానలో తడుస్తూ వచ్చి గుమ్మంలో నిలబడి, ఏం చేస్తున్నావు బావా అని అడిగాడు. మోత ఆగలేదు.

సిమెంటు తేలిగ్గా రాలేదు. వచ్చినప్పుడల్లా పాత గచ్చునీ, రాతి ముఖాన్నీ కూడా పట్టుకుని ఊడింది. తారు తోలులా సాగుతూ వచ్చింది. దాని వెనక రాళ్ళు నల్లగా, రాళ్ళ మధ్య మట్టి బురదగా ఉంది. ఒకచోట పెచ్చు తీయగానే సన్నగా నీరు కారింది. మా ఆయన దాన్ని చూస్తూ చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. నేను తట్టతో పెచ్చులు బయటికి మోశాను.

ఆ క్రిస్మస్‌కి మా వెనక గదికి వెల్ల లేదు, పూత లేదు. వట్టి రాళ్ళు. ఈసారి తలుపు నేను లాగలేదు. పాటలవాళ్ళు ఆ రాళ్ళ వంక చూస్తూ పాడారు. మా అత్త ముందు గదిలో ఒక మూల, దిండు మీద తల ఆన్చి వింది. ఆ చలికాలం మాకు అన్నిటికంటే కష్టమైనది. ఇరుకు గదిలో అందరం. ఆవిడని మళ్ళీ ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది. గోడ ఆరేదాకా మనిషి ఉంటుందా అని ఇద్దరం లోపల్లోపల భయపడేవాళ్ళం, ఒకరితో ఒకరు అనుకునేవాళ్ళం కాదు.

గోడ వెనక కొండవైపు ఏళ్ళ తరబడి పేరుకున్న మట్టిని ఆయన తవ్వి తీశాడు. నీరు పక్కకి పోయేలా గాడి కట్టాడు. రాళ్ళ మధ్య చివికిన మట్టి గోకి, సున్నం కూరాడు. ఎండలు వచ్చాక ఏ పూత వేయాలన్న ప్రశ్న వచ్చింది. ఒక పొరపాటు చేసినవాళ్ళం, రెండోది చేసే ధైర్యం లేదు. మా అత్తే అంది, అన్నం ఉడికిందా అని చూడటానికి కుండంతా తింటామా, మెతుకు పట్టుకుంటాం కదా అని. గోడ మీద మూడు చోట్ల చేటంత మేర పూసి చూద్దాం అనుకున్నాం. ఒకదానికి సున్నమూ బీచి ఇసుకా. ఇసుకని మంచినీళ్ళతో ఎన్నోసార్లు కడిగాం. రెండోదానికి సున్నమూ గెడ్డ ఇసుకా. ఊరి బయట గెడ్డలో, అదే వాగులో, తవ్వింది, బండి మీద తెప్పించాం. తెచ్చిన ఇసుక చిటికెడు నాలుక మీద వేసుకుని చూసి మరీ దింపించుకున్నాను. మూడోది మా ఆయన అడిగాడు. సగం సున్నం, సగం సిమెంటు. నేను కాదనలేదు. ఆయన చేసిన పనిలో కొంచెమైనా నిలవాలని ఆశ.

పూతలు ఆరాక ఎండాకాలం జల్లులు నాలుగు పడ్డాయి. చాలకపోతే కొండవైపు గోడ మీద కడవలతో మేమే నీళ్ళు పోశాం. పొద్దున్నే ముగ్గురం వెళ్ళి చూసేవాళ్ళం. అత్త గుమ్మం పట్టుకుని నిలబడేది. బీచి ఇసుక పూత మీద, ఎంత కడిగినా, ఉప్పు తెల్లగా మొలిచింది. గెడ్డ ఇసుక పూత తడిసినప్పుడు ముదురు రంగుకి తిరిగి, ఎండకి మళ్ళీ పాలిపోయింది. సిమెంటు కలిపినది మాత్రం తడవనట్టే కనిపించింది. మా ఆయన ముఖం కొంచెం విప్పారింది. తరువాత చూస్తే దాని చుట్టూ ఉన్న రాళ్ళు నల్లగా ఉన్నాయి. అది ఎండిపోలేదు, నీటిని పక్కకి తోసింది. రోజూ వెళ్ళి ఆ చుట్టూ చెయ్యి పెట్టి చూసేవాడు. ఒకరోజు నేను చెప్పకుండానే ఉలి తీసుకుని ఆ పూత గోకేశాడు.

ఆల్చిప్పలు కాల్చి చేసే గుల్ల సున్నం తెచ్చి పెరట్లో గొయ్యి తీసి నానబెట్టాం. అది బుసబుసా పొంగి, చల్లారి, రోజులు గడిచేకొద్దీ వెన్నలాగా అయింది. గెడ్డ ఇసుక కలిపి, నేనూ, మల్కాపురం నించి సాయానికి వచ్చిన మా ఆడపడుచూ కర్ర దిమ్మిసలతో దంచాం. పూతకి పట్టు రావాలని కరక్కాయ నానిన నీళ్ళూ, కొంచెం బెల్లం నీళ్ళూ పోశాం. మా అత్త చూసి, "గోడకి బెల్లం పానకం, నాకేమో పంచదార లేని టీ. కోడలికి ఎవల మీద పేముందో తెలస్తన్నాది," అంది. చాలా నెలల తరువాత ఆ ఇంట్లో నవ్వు అది.

మా ఆయన హార్బరులో నేర్చుకున్న తొందర మానేసి పల్చటి పూతలు వేశాడు. ఒకటి బిగిసేదాకా ఆగి మరొకటి. ఎండకి త్వరగా ఆరిపోకుండా తడి గోనెలు కట్టాను. పైన ఒట్టి సున్నపు వెల్ల మాత్రమే.

ఇంతలో ఆయన పక్కింటికి వెళ్ళాడు. బావా, మీ గోడ కూడా నానే తీసేస్తాను, నా సేత్తో నానే సున్నం పూస్తాను అని అడిగాడు. పక్కింటాయన మంచం మీద నించి లేవకుండానే, "మా ఇంట్లో ఎవలూ దగ్గట్లేదు బావా. నీ ఇంటి గొడవ మా ఇంటికి తేకు," అన్నాడట. ఆ మాట మా ఆయన నాకు చెబుతూ మంచినీళ్ళ గ్లాసు చేతిలోనే పట్టుకుని ఉండిపోయాడు. పై మెట్ల ఇంటివాళ్ళు మాత్రం తీయించుకున్నారు. ఎదురింటివాళ్ళు చూద్దామన్నారు. పక్కింటి వదిన ప్రహరీ మీద నించి పలకరించడం మానేసింది. వాళ్ళ గోడ ఉబ్బి నల్లబడటం మా పెరట్లో నించి కనిపిస్తూనే ఉండేది. అది చూసినప్పుడల్లా ఆయన తల తిప్పుకునేవాడు. ఆ దిగులు ఆయన్ని చాలా ఏళ్ళు వదల్లేదు.

తొలకరి గట్టిగా పడింది. గోడ కింది భాగం రంగు మారడం మొదలుపెట్టగానే మా ఆయన ముఖంలో నెత్తురు లేదు. పాత రోజుల్లో కూడా ఇలాగే మారేది కదా అని నేనంటే వినిపించుకోలేదు. వాన వెలిసింది. ఒక రోజు ఎండ కాసింది. మరునాటికి ఆ ముదురు రంగు అంచుల నించి లోపలికి తగ్గుతూ వచ్చి, పాలిపోయింది. మళ్ళీ వాన, మళ్ళీ రంగు, మళ్ళీ పాలిపోవడం. బొట్లు కట్టలేదు. వాసన లేదు. గోడ మీద చెయ్యి పెడితే రజను అంటింది.

అత్త మంచం తిరిగి వెనక గదిలోకి చేర్చాం. ఆవిడ ఆయాసం పోలేదు, పోయిందని చెబితే అబద్ధం. ఒకసారి చెడిన ఊపిరితిత్తులు మునుపటిలా ఎక్కడవుతాయి? పిల్లికూతలు ఉండేవి, మందులు ఉండేవి. కొన్నాళ్ళు కూర్చునే కునికింది. మేం రోజూ చూసేవాళ్ళం, అడగడానికి భయపడేవాళ్ళం.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం, బయట వాన కురుస్తుండగా, అన్నాలకి పిలుద్దామని నేను వెనక గదిలోకి వెళ్ళాను. మా ఆయన గడప మీద కూర్చుని ఉన్నాడు, నోటి మీద వేలు పెట్టి ఆగమన్నాడు. అత్త మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. ఆ పక్కనే గోడ, తడిసి రంగు మారిన గోడ. ఆవిడ గుండె పైకీ కిందికీ నిదానంగా కదులుతోంది. సన్నటి కూత వస్తోంది గానీ ఎక్కడా తెగడం లేదు. ఆయన దాన్ని వింటున్నాడు. అన్నం చల్లారిపోయింది. నేనూ గడప ఇవతల కూర్చున్నాను.

ఆవిడ ఆ గదిలో ఇంకా కొన్ని వానాకాలాలు చూసింది. అదీ జరిగింది. ఇంతసేపు ఓపిగ్గా విన్న మీకు ప్రభువు మేలు చేయాలి. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి కంటి నిండా నిద్ర పట్టాలి, పసివాళ్ళకి దగ్గు రాకూడదు, మీ కప్పు కింద తల దాచుకున్న ప్రతి ప్రాణికీ ఊపిరి చల్లగా ఆడాలి.